కొలత తీసుకోకుండా బిగుతు మేజోళ్లు కొనవద్దు: ఉబ్బిన సిరలతో బాధపడేవారికి ఒక హెచ్చరిక

కాళ్లలో సిరలు ఉబ్బి మెలికలు తిరిగి, సాయంత్రమయ్యేసరికి పిక్కలు రాళ్లు కట్టినట్టు బరువెక్కుతున్నాయని ఆన్‌లైన్‌లో మేజోళ్ల కోసం, పూత మందుల కోసం వెతుకుతున్నవారు డబ్బు కట్టే ముందు నా అనుభవం ఒకసారి చదవవలసిందిగా కోరుతున్నాను. నేను కొన్న పెట్టెలో ఒక పూత మందు, ఒక జత కంప్రెషన్ స్టాకింగ్స్, అంటే బిగుతు మేజోళ్లు, ఉచితమంటూ మరో జత వచ్చాయి. పోయిన డబ్బు గురించి నాకు పెద్ద బాధ లేదు. ఆ పెట్టె వల్ల నా కాలి మీద బొబ్బలు లేచాయి, సరైన వైద్యం ఐదు నెలలు ఆలస్యమైంది, ఆ ఉచిత జతను మా నాన్నగారి కాళ్లకు తొడిగి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

ఇరవై ఏళ్లకు పైగా నిలబడి పాఠాలు చెప్పే ఉద్యోగం నాది. మా అమ్మకూ ఇదే బాధ ఉండేది. ఈ జబ్బు కుటుంబాల్లో నడుస్తుందని, వయసు, గర్భధారణ, అధిక బరువు, గంటల తరబడి కదలకుండా నిలబడటం దాన్ని పెంచుతాయని ఆమెను చూసైనా నేను తెలుసుకొని ఉండవలసింది. నా ఎడమ మోకాలి లోపలి వైపు నుంచి చీలమండ దాకా ఒక సిర తాడులా పైకి తేలింది. సాయంత్రం చీలమండ మీద బొటనవేలితో నొక్కితే గుంట పడేది, రాత్రి నిద్రలో పిక్క పట్టేసేది, చీలమండకు కాస్త పైన దురదతో మొదలై గోధుమరంగు మచ్చ ఒకటి నెమ్మదిగా కమ్ముకుంది. ప్రకటనలో సరిగ్గా ఇవే లక్షణాలను వరుసగా రాసి, ఇరవై ఒక్క రోజుల్లో నరాలు యథాస్థితికి వస్తాయని, శస్త్రచికిత్స అవసరమే ఉండదని హామీ ఇచ్చారు. నన్ను నేనే అందులో చూసుకున్నాను కాబట్టి మిగతాదీ నిజమే అనుకున్నాను.

మన మాటలో ఉన్న ఒక చిక్కును అమ్మకందారులు చక్కగా వాడుకుంటున్నారని నాకు తర్వాతగానీ అర్థం కాలేదు. రక్తం తీసేటప్పుడు "నరం దొరకడం లేదు" అంటాం, నడుము నుంచి కాలి దాకా గుంజితే "నరం నొక్కుకుంది" అంటాం, ఉబ్బిన సిరనూ నరమనే అంటాం. మొదటిదీ మూడోదీ రక్తనాళాలు, రెండోది నాడి. డబ్బా మీద "నరాలకు బలం" అని రాస్తే అది రక్తనాళానికా నాడికా అని కొనేవాడు అడగడు, అబద్ధం రాశారని తర్వాత నిలదీయడానికీ వీలుండదు. నా డబ్బా మీద ఉన్నది ఆ మాటే.

జబ్బు నిజంగా ఎక్కడుందో తెలిస్తే ఆ మాట ఎంత బోలుదో తెలుస్తుంది. ధమనుల ద్వారా కాళ్లకు దిగిన రక్తం సిరల ద్వారా తిరిగి గుండెకు ఎక్కాలి. ఎక్కించేది ప్రధానంగా పిక్క కండరం: అడుగు వేసినప్పుడల్లా అది బిగిసి లోతున ఉన్న సిరలను పిండుతుంది, సిరల లోపల ఒకే వైపుకు తెరుచుకునే సన్నని కవాటాలు ఎక్కిన రక్తాన్ని కిందికి జారకుండా ఆపుతాయి. కదలకుండా నిలబడినప్పుడు చీలమండ దగ్గర సిరలో పీడనం సుమారు 90 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది, నడవడం మొదలుపెడితే అది 30 దరిదాపులకు పడిపోతుంది. కవాటాలు సరిగ్గా మూసుకోకపోతే రక్తం వెనక్కి జారుతూ, ఎంత నడిచినా ఆ పీడనం తగినంతగా తగ్గదు. వాపు దాని వల్లనే వస్తుంది. ఎర్రకణాలు సన్న నాళాల నుంచి బయటికి చేరి, వాటిలోని ఇనుము చర్మం కింద మిగిలిపోవడం వల్ల ఆ గోధుమరంగు వస్తుంది, పట్టించుకోకపోతే చివరికి ఓ పట్టాన మానని పుండు పడేదీ అక్కడే. పాడైన కవాటాన్ని బాగుచేసే పూత మందు ఏదీ లేదు.

నా పూత మందు రాసుకున్న చోట చల్లగా ఉండేది, కర్పూరం వాసన వచ్చేది, కాసేపు హాయిగా కూడా అనిపించేది. ఆ హాయి చర్మానిదే. హార్స్ చెస్ట్‌నట్ అనే చెట్టు గింజల సారాన్ని మాత్రలుగా తీసుకున్నవారిలో వాపు, నొప్పి కొంతకాలం తగ్గినట్టు పరీక్షల్లో కనిపించిన మాట నిజమే, డయోస్మిన్ మాత్రలను వైద్యులు ఉపశమనానికి రాసే మాటా నిజమే. కానీ ఉపశమనం వేరు, సిర యథాస్థితికి రావడం వేరు, ప్రకటన ఈ రెంటినీ కలిపేసింది. పైగా సిరల వ్యాధి ముదిరి రంగు మారిన చర్మానికి పూతల్లోని సువాసన ద్రవ్యాలు, నిల్వకు కలిపే రసాయనాలు తేలిగ్గా ఎలర్జీ తెప్పిస్తాయి. మూడో వారంలో నా మచ్చ చుట్టూ చర్మం ఎర్రబడి, పొలుసులు లేచి, రసి కారింది. అమ్మినవారిని అడిగితే లోపలి చెడు బయటికి వస్తున్నదని, ఆపవద్దని జవాబిచ్చారు. నేను ఆపలేదు.

ఇక మేజోళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ జబ్బులో నిజంగా పనికొచ్చే వస్తువు అదే, తప్పుగా కొంటే ఎక్కువ హాని చేసేదీ అదే. ఆర్డరు పెట్టేటప్పుడు వాళ్లు అడిగింది నా ఎత్తు, బరువు మాత్రమే. పెట్టె మీద "అధిక ఒత్తిడి" అని ఉంది కానీ ఎంత ఒత్తిడో అంకె లేదు. తొడుక్కున్న మొదటి రోజే చీలమండ దగ్గర గుడ్డ ముడతలు పడి వదులుగా నిలిచింది, మోకాలి కింద మాత్రం కోసుకుపోయేంత బిగిసింది. మధ్యాహ్నానికి పై అంచు దానంతట అదే చుట్టలు చుట్టుకొని తాడులా తయారైంది. అలవాటు పడితే సరిపోతుందనుకొని ఒక రాత్రి దానితోనే నిద్రపోయాను. తెల్లవారి విప్పి చూస్తే మోకాలి కింద చుట్టూ వేలు పట్టేంత లోతున ఎర్రని గాడి, దాని మీద మూడు నీటి బొబ్బలు ఉన్నాయి, పాదం ఉబ్బి తిమ్మిరెక్కి ఉంది.

అప్పుడు వెళ్లాను రక్తనాళాల శస్త్రవైద్యురాలి దగ్గరికి. ఆమె ఆ మేజోడును చేతుల మధ్య సాగదీసి చూసి, ఒత్తిడి చీలమండ దగ్గర అత్యధికంగా ఉండి పైకి పోయేకొద్దీ తగ్గాలని, దీనిలో అది తలకిందులుగా ఉందని చెప్పారు. పైన బిగిసి కింద వదులుగా ఉన్న మేజోడు రక్తాన్ని పైకి ఎక్కించదు, కాలికి కట్టు కట్టినట్టు దారిలో ఆపేస్తుంది. తర్వాత టేపుతో చీలమండకు పైన అతి సన్నని చోట, పిక్క అతి లావైన చోట చుట్టుకొలతలు, నేల నుంచి మోకాలి మడత కింది వరకు పొడవు తీసుకున్నారు. నా చీలమండ 22 సెంటీమీటర్లు, పిక్క 40. నా ఎత్తు, బరువే ఉన్న మరొకరికి ఈ రెండు అంకెలూ వేరుగా ఉండవచ్చు కనుక ఎత్తు, బరువులతో సైజు చెప్పడం ఊహే అవుతుంది. కొలత ఉదయం, వాపు రాకముందే తీయాలి. కొనేటప్పుడు ఒత్తిడి ఎన్ని మిల్లీమీటర్ల పాదరసమో చూడాలి తప్ప తరగతి పేరును నమ్ముకోకూడదు: జర్మన్ ప్రమాణంలో రెండో తరగతి అంటే 23 నుంచి 32, బ్రిటిష్ ప్రమాణంలో అదే రెండో తరగతి 18 నుంచి 24 మాత్రమే. మంచి మేజోడు కూడా రోజూ తొడిగి ఉతికితే దాదాపు ఆరు నెలలకు సాగే గుణం కోల్పోతుందని, ఉదయం మంచం దిగకముందే తొడుక్కొని రాత్రి పడుకునే ముందు విప్పేయాలని కూడా ఆమె చెప్పారు. ఆ పెట్టెలో ఈ ముక్కలు ఒక్కటీ లేవు.

రెండో జత గురించి నేను మాటవరసకు చెప్పాను. నాన్నగారికి కాళ్లు లాగుతుంటాయి, పడి ఉన్న జత ఆయనకు ఇద్దామనుకుంటున్నానని అన్నాను. ఆమె వెంటనే ఆయనకు మధుమేహం ఉందా, పొగ తాగేవారా, కొంత దూరం నడిస్తే పిక్క పట్టేసి నిలబడితే తగ్గుతుందా అని అడిగారు. మూడింటికీ అవునన్నాను. నాన్నగారిని రప్పించి, చీలమండ దగ్గర రక్తపోటును చేతి రక్తపోటుతో భాగించి చూసే చిన్న పరీక్ష చేయించారు. ఆ నిష్పత్తి 0.9 కంటే తక్కువైతే కాలి ధమనుల్లో అడ్డంకి ఉన్నట్టు. ఆయనకు 0.6 వచ్చింది. అంటే ఆయన బాధ సిరలది కాదు, ధమనులది. రక్తం పైకి ఎక్కకపోవడం కాదు, కిందికి సరిగ్గా దిగకపోవడం. అలాంటి కాలిని బిగిస్తే దిగుతున్న కాస్త రక్తమూ తగ్గి, చర్మం చచ్చి, పుండు పడి, కాలికే ముప్పు రావచ్చు. మధుమేహం ఉన్నవారిలో ధమనుల గోడలు గట్టిపడటం వల్ల ఈ అంకె ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించి మోసగించవచ్చు కాబట్టి వారికి కాలివేలి పీడనం కూడా చూస్తారు. ఒక జత కొంటే ఒక జత ఉచితమని, ఇంటిల్లిపాదీ వాడవచ్చని అమ్ముతున్న వస్తువు ఇది.

నాకు డాప్లర్ స్కానింగ్, అంటే ధ్వని తరంగాలతో సిరల్లో రక్తం ఎటు పారుతున్నదో చూసే పరీక్ష, నిలబెట్టి చేశారు. ఆమె పిక్కను నొక్కి వదిలినప్పుడు యంత్రంలోంచి ముందు ఒక చిన్న బుస్సుమనే శబ్దం, వెంటనే రక్తం వెనక్కి జారుతున్న పొడవాటి శబ్దం వినిపించాయి. చర్మం కింది సిరల్లో ఈ వెనక్కి జారడం అర సెకను దాటితే కవాటం పాడైనట్టు లెక్క, నాది రెండు సెకన్లు దాటింది. గజ్జ నుంచి చీలమండ దాకా దిగే పెద్ద సిర మొదట్లోనే లోపముంది. చర్మం రంగు మారడం ఈ వ్యాధి వర్గీకరణలో నాలుగో మెట్టు, మానిన పుండు ఐదోది, మానని పుండు ఆరోది. పూత రాసుకుంటూ గడిపిన ఐదు నెలలు నేను నాలుగో మెట్టు మీద కూర్చుని ఉన్నానన్నమాట. పుండు పడ్డాక కూడా ఆలస్యానికి మూల్యం చెల్లించాల్సి ఉంటుంది: బ్రిటన్‌లో జరిగి 2018లో వెలువడిన ఎవ్రా అధ్యయనంలో, పాడైన సిరను వెంటనే మూసినవారిలో పుండు మానడానికి మధ్యస్థంగా 56 రోజులు, ఆలస్యంగా మూసినవారిలో 82 రోజులు పట్టింది.

నాకు రేడియో తరంగాల వేడితో ఆ సిరను లోపలి నుంచి మూసేశారు. చర్మానికి మత్తు ఇచ్చి చేసే పని అది, అదే రోజు నడిచి ఇంటికి వచ్చాను. సిర మూస్తే రక్తం ఎటు పోతుందని నేనూ భయపడ్డాను కానీ కాలి రక్తంలో అధికభాగం లోతు సిరల ద్వారానే ఎక్కుతుంది, అవి బాగున్నాయో లేదో చూడటానికే ముందు స్కానింగ్. ఇదే పనిని లేజరుతోనూ, నురుగు మందు సూదితోనూ, జిగురుతోనూ చేస్తారు. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాలు వేడితో మూసే పద్ధతిని ముందు, నురుగు మందును తర్వాత, పాత పద్ధతి శస్త్రచికిత్సను ఆ తర్వాత పెట్టాయి, ఇవేవీ కుదరనివారికే మేజోళ్లను చికిత్సగా సూచించాయి. ఇక్కడా ఒక వల ఉంది: ఇంతకు ముందు నేను ఫోన్ చేసిన ఒక చికిత్సా కేంద్రం వారు స్కానింగ్ మాటే ఎత్తకుండా రెండు కాళ్లకూ లేజర్ ప్యాకేజీ ఖాయం చేయబోయారు. నా కుడి కాలిలో లోపమే లేదని తర్వాతి స్కానింగ్‌లో తేలింది.

పెట్టెలోని కాగితం మీద పూతను కింది నుంచి పైకి గట్టిగా మర్దన చేయాలని రాసి ఉంది. ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన సలహా. ఒక కాలు మాత్రమే హఠాత్తుగా వాచి, నొప్పి పుట్టి, వేడిగా ఉంటే లోతు సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, మర్దన చేస్తే ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరవచ్చు. అలాంటి కాలికి ఏదీ రాయకుండా అదే రోజు వైద్యులకు చూపించుకోవాలి, ఆయాసం, ఛాతీ నొప్పి కూడా తోడైతే నిమిషం ఆగకూడదు. ఉబ్బిన సిర చిట్లి రక్తం కారితే నిలబడి స్నానాలగదికి పరుగెత్తకుండా అక్కడే పడుకొని, కాలు ఎత్తి పెట్టి, చిట్లిన చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి.

ఖర్చు లేకుండా నాకు మేలు చేసినవీ కొన్ని ఉన్నాయి. పాఠం చెబుతూనే అరగంటకొకసారి మునివేళ్ల మీద లేచి దిగుతున్నాను, సాయంత్రం కాళ్లను గుండె కంటే ఎత్తులో కాసేపు పెట్టుకుంటున్నాను, రోజూ నడుస్తున్నాను. ఇవి పాడైన కవాటాన్ని బాగుచేయవు, పిక్క కండరాన్ని పనిలో పెడతాయి, సాయంత్రపు బరువు తగ్గుతుంది.

బొబ్బల ఫోటోలతో, వైద్యురాలి కాగితంతో అమ్మినవారికి రాశాను. తెరిచిన పెట్టెను వెనక్కి తీసుకోలేమని, కావాలంటే ఒక సైజు పెద్దది పంపుతామని జవాబు వచ్చింది. అప్పుడు కూడా చీలమండ కొలత అడగలేదు.