18 అంగుళాల మలుపులో తడబడిన ఆరు ఇరుసుల డీజిల్ ఇంజిన్: మూడు నక్షత్రాల సమీక్ష

పెట్టె మీద పెద్ద అక్షరాలతో "18 అంగుళాల మలుపులో నడుస్తుంది" అని ముద్రించి ఉన్నందువల్లనే నేను ఈ మోడల్ రైలు ఇంజిన్‌ను కొన్నాను. తీరా ఇంటికి వచ్చాక అది తిన్నని పట్టా మీద ఎంత హుందాగా సాగిందో, మలుపు దగ్గర అంతగా నీరసించి, కీచుమని శబ్దం చేసి, ముందు చక్రాన్ని మెల్లగా పైకెత్తి పక్కకు ఒరిగిపోయింది. తయారీదారు పేరును, అమ్మిన ఆన్‌లైన్ దుకాణం పేరును ఇక్కడ రాయడం లేదు. నా చేతికి వచ్చిన ఒక్క ఇంజిన్‌ను చూసి మొత్తం కంపెనీని తూచడం సరికాదు. అయితే ఇదే కొలత, ఇదే తరహా ఇంజిన్ కొనేవారికి నా అనుభవం పనికొస్తుంది.

ఇది హెచ్‌ఓ స్కేలు, అంటే అసలు ఇంజిన్‌లో 87వ వంతు. పట్టాల మధ్య వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. రూపం మన పాత డబ్ల్యూడీఎం-2 డీజిల్‌ది. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ మధ్య 85 కిలోమీటర్ల డబ్లింగు, విద్యుదీకరణ జాతికి అంకితమైన తర్వాత మా ఊరి స్టేషన్‌లో డీజిల్ మోత బాగా తగ్గిపోయింది. ఆ మోత వింటూ పెరిగినవాణ్ని కాబట్టి ఇంట్లోనైనా ఒకటి ఉండాలనుకున్నాను. రంగు, అక్షరాలు, ముందు దీపాలు, కిటికీ చువ్వలు చక్కగా ఉన్నాయి, వాటి గురించి ఇంతకన్నా చెప్పవలసింది లేదు. మోటారు కూడా మంచిదే. 12 వోల్టుల కంట్రోలర్‌తో అతి తక్కువ వేగంలోనూ కుదుపు లేకుండా కదులుతుంది.

ఇక మలుపు సంగతి. 18 అంగుళాల వ్యాసార్థం ఎంత కఠినమైనదో కొనేముందు నేను లెక్క వేసుకోలేదు. భారతీయ రైల్వే బ్రాడ్‌గేజ్‌లో అనుమతించే అతి బిగువైన మలుపు 10 డిగ్రీలు, అంటే సుమారు 175 మీటర్ల వ్యాసార్థం. దాన్ని 87తో భాగిస్తే మన బల్ల మీద రెండు మీటర్ల వ్యాసార్థం రావాలి. మనం వేసేది 457 మిల్లీమీటర్లు మాత్రమే, అంటే అసలు రైలును 40 మీటర్ల మలుపులో తిప్పమన్నట్టు. నాలుగు ఇరుసుల చిన్న ఇంజిన్లు దీన్ని ఎలాగో భరిస్తాయి. ఒక్కో చట్రంలో మూడేసి ఇరుసులున్న ఇంజిన్‌కు మాత్రం ప్రతి అర మిల్లీమీటరూ ముఖ్యమే. (మనవాళ్లు రైలు పెట్టెను బోగీ అంటారు కాబట్టి చక్రాలు బిగించిన ఆ భాగాన్ని చట్రం అనే రాస్తున్నాను.)

తప్పు ఇంజిన్‌దా, నేను వేసిన పట్టాదా అన్నది మొదట తేల్చుకోవలసి వచ్చింది. రైలు పెట్టెలన్నీ విడదీసి ఇంజిన్‌ను ఒక్కదాన్నే రెండు దిశల్లో తిప్పాను, పడిన ప్రతిచోటా ప్లైవుడ్ మీద సుద్దతో గీత పెట్టాను. ఎప్పుడూ ఒకే చోట పడితే అనుమానం పట్టా మీదకు పోవాలి, ఎక్కడపడితే అక్కడ పడితే ఇంజిన్ మీదకు పోవాలి. గంట తర్వాత చూస్తే గీతల్లో సగం ఒక అతుకు దగ్గరే గుంపుగా ఉన్నాయి, మిగతా సగం మలుపంతా చెదిరి ఉన్నాయి. అంటే ఇద్దరిదీ తప్పే.

నా తప్పు ముందు ఒప్పుకుంటాను. 30 డిగ్రీల ముక్కలు 12 కలిపితే పూర్తి వృత్తం అవుతుంది. వాటిలో మూడో ముక్కకు, నాలుగో ముక్కకు మధ్య ఒక పట్టా, ముక్కలను కలిపే జాయినర్‌లోకి దూరకుండా దాని మీదకు ఎక్కి కూర్చుంది. కంటికి ఏమీ కనిపించలేదు, గోటితో రాస్తే మాత్రం మెట్టు తగిలింది. దాన్ని విప్పి సరిగా దూర్చి, అతుకు దగ్గర కోణం పడకుండా సర్దాక ఆ గుంపు గీతలు ఆగిపోయాయి. ఎండాకాలంలో మా పై గదిలో పట్టాలు వ్యాకోచించి అతుకుల దగ్గర ఒత్తిడి పుట్టడం కూడా దీనికి తోడైంది. అందుకే ఇప్పుడు ప్రతి మూడు ముక్కలకొకచోట పోస్టుకార్డు మందం సందు వదులుతున్నాను.

మిగిలినది ఇంజిన్ వాటా. అది గడియారపు ముల్లు దిశలో, అంటే కుడివైపు తిరిగేటప్పుడే ఎక్కువగా పడుతోంది. ఎడమ మలుపులో వేగం తగ్గినా నిలబడుతోంది. ఇంజిన్‌ను తిప్పి పెట్టి వెనుక చట్రం ముందుకు వచ్చేలా నడిపితే దాదాపు పడటం లేదు. దీన్నిబట్టి లోపం ఒక్క చట్రంలో, అందులోనూ ఒక్క దిశలో ఉందని అర్థమైంది. తువ్వాలు మీద ఇంజిన్‌ను వెల్లకిలా పడుకోబెట్టి వేలితో చట్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. ఎడమవైపు చివరిదాకా మెత్తగా వెళ్లింది. కుడివైపు సగంలోనే ఏదో లాగినట్టు ఆగి, వేలు వదలగానే వెనక్కి వచ్చింది. ఏదైనా తగిలితే చట్రం గట్టిగా ఆగాలి కానీ అలా వెనక్కి రాదు. వెనక్కి లాగే గుణం తీగకే ఉంటుంది.

పై కవచం తీయడానికి రెండు కొక్కేల వెనుక దాగి ఉన్న నాలుగు స్క్రూలు విప్పాలి. పెట్టెలోని కాగితంలో ఈ ముక్క లేదు. నేను రెండు ప్లాస్టిక్ మెట్లు విరగ్గొట్టుకున్నాకే అది తెలిసింది. లోపల అనుమానించినట్టే ఉంది. చక్రాల నుంచి కరెంటును సర్క్యూట్ బోర్డుకు తీసుకెళ్లే ఎర్ర తీగ పొట్టిగా, మందంగా ఉంది, పైగా టేపుతో మోటారుకు అతికించేశారు. చట్రం కుడివైపు తిరిగినప్పుడల్లా ఆ తీగ బిగిసి, చట్రం ఒక మూలను పైకి లాగుతోంది. మొబైల్ రిపేరు షాపులో దొరికే సన్నని పోగుల తీగను 2 సెంటీమీటర్లు అదనంగా వదిలి సోల్డర్ చేయించాను, టేపు తీసేశాను. పడటం సగానికి సగం తగ్గింది.

అయినా కీచు పోలేదు. చక్రాల కొలత చూడాలంటే సన్నని కొలతలు తీసే వెర్నియర్ పరికరం కావాలి, అది నా దగ్గర లేదు. క్లాక్ టవర్ దగ్గర పాతికేళ్లుగా గడియారాలు బాగుచేస్తున్న పెద్దాయన దగ్గరికి ఇంజిన్‌ను పట్టుకెళ్లాను. ఆయన కంటికి భూతద్దం బిగించుకుని చాలాసేపు మాట్లాడకుండా చూశారు. "చాచా, ఏమైనా తెలిసిందా?" అంటే, తల ఎత్తకుండానే "మధ్యల చక్రం కదుల్తలేదు సార్, మీరే చూడుండ్రి" అని చిమటాతో తట్టి చూపించారు. నిజమే. చట్రంలో మొదటి ఇరుసు నుంచి మూడో ఇరుసుకు 43 మిల్లీమీటర్లు. ఆ రెండింటి చక్రాలూ 457 మిల్లీమీటర్ల మలుపు మీద నిలబడితే మధ్య చక్రం దాదాపు అర మిల్లీమీటరు పక్కకు జరగాలి. జరగడానికి అడుగు మూతలోని ప్లాస్టిక్ నాలుక అడ్డుపడుతోంది. అది జరగలేకపోతే మొత్తం చట్రాన్నే పట్టా మీద నుంచి తోసేస్తుంది. ఆయన సన్నని ఆకురాయితో ఆ నాలుకను నాలుగు రాపిళ్లు రాపారు, ఇరుసు అటూ ఇటూ కదలడం మొదలైంది.

ఆ తర్వాత ఒక్కో జత చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం కొలిచాం. ఈ స్కేలుకు ఆ దూరం సుమారు 14.4 మిల్లీమీటర్లు ఉండాలి. అమెరికాలో 1935 నుంచి పనిచేస్తున్న నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ ప్రమాణాలు కూడా అటూ ఇటూగా ఇదే చెబుతాయి. రెండు జతలు 14.4 చూపించాయి. అన్నిటికన్నా ముందుండే జత మాత్రం 14.9 చూపించింది. ఒక్కో చక్రపు అంచు మందం ముప్పాతిక మిల్లీమీటరు అనుకుంటే, ఆ జత బయటి వెడల్పు 16.4 అవుతుంది. 16.5 మిల్లీమీటర్ల పట్టా మధ్య దానికి ఊపిరి తీసుకునే చోటు ఏదీ? తిన్నని పట్టాలో ఎలాగో దూరిపోతుంది, మలుపులో రెండు అంచులూ రెండు పట్టాలను ఒరుసుకుంటాయి. కీచు అక్కడిది, వేగం తగ్గడం అక్కడిది, చివరికి అంచు పట్టా మీదకు ఎక్కడమూ అక్కడిదే. చక్రాలను రెండు వైపుల నుంచీ సమానంగా, మెల్లగా మెలితిప్పుతూ లోపలికి నొక్కాలి. ఒక వైపే నొక్కితే పళ్లచక్రం మధ్యలో ఉండదు. పెద్దాయన చేతిలో ఆ పని పది నిమిషాలు పట్టింది. నా చేతిలో అయితే ఇరుసు వంగేదే. ఎంతివ్వమంటారంటే యాభై రూపాయలు చాలన్నారు.

ఇప్పుడు పరిస్థితి ఇది. మల్టీమీటరు పెట్టి చూస్తే ఇంతకుముందు మలుపులో 0.4 ఆంపియర్లకు పోయే కరెంటు ఇప్పుడు 0.28 దగ్గర నిలుస్తోంది, తిన్నని పట్టాలో అది 0.25. ఐదు పొట్టి పెట్టెలతో నలభై నిమిషాలు ఆగకుండా రెండు దిశల్లోనూ తిరిగింది. అయితే ఎల్‌హెచ్‌బీ తరహా (ఇప్పటి ఎక్స్‌ప్రెస్ రైళ్లకు వేసే) పొడవు పెట్టెలు తగిలిస్తే మళ్లీ ఇబ్బందే. అసలు పెట్టె 23.54 మీటర్లు కాబట్టి మోడల్ 270 మిల్లీమీటర్లు వస్తుంది, 18 అంగుళాల మలుపులో దాని మూల బయటకు వెళ్లి ఇంజిన్ కొక్కేన్ని పక్కకు లాగుతుంది. దీనికి ఇంజిన్‌ను నిందించలేం. 8×4 అడుగుల ప్లైవుడ్ ఉన్నవారు 22 అంగుళాల మలుపు వేసుకోవచ్చు. నాలుగు అడుగుల వెడల్పులో అది ఇరుగ్గానే పడుతుంది. అంచుకు అంగుళంన్నర కూడా మిగలదు కాబట్టి చుట్టూ చిన్న అడ్డకర్ర కొట్టుకోవాలి, లేకపోతే ఇంజిన్ నేల మీదకే వస్తుంది.

అమ్మిన దుకాణానికి మొదట్లోనే రాశాను. పెద్ద మలుపు వేసుకోమన్న ఒక్క వాక్యం తప్ప జవాబు లేదు. పెట్టె మీద 18 అని రాసినవారు ఆ మాట అనడం నాకు నచ్చలేదు. మోటారుకు, రూపానికి మూడు నక్షత్రాలు. చక్రాల కొలత చూడకుండా పంపినందుకు ఒకటి, ఆ జవాబుకు ఒకటి తగ్గించాను. సోల్డరింగ్ ఇనుము పట్టుకోవడానికి భయపడనివారు, 22 అంగుళాల మలుపు ఉన్నవారు నిరభ్యంతరంగా కొనవచ్చు. పిల్లలకు కానుకగా, పెట్టె విప్పగానే నడవాలని కొనేవారు మాత్రం నాలుగు ఇరుసుల ఇంజిన్ చూసుకోవడం మంచిది. ఇప్పటికే కొన్నవారు ఇంజిన్‌ను వెల్లకిలా పెట్టి, రెండు చట్రాలనూ రెండు వైపులకూ తిప్పి, మధ్య ఇరుసులను వేలితో కదిపి చూసుకోండి. నేను కొన్నప్పుడు తిరిగి పంపే గడువు పది రోజులే ఉంది, నాకు సంగతి తెలిసింది పన్నెండో రోజున.