పిల్లల టీకాలు: వెళ్లేముందే వేయించాలా, వెళ్లాక చూసుకోవాలా?

వీసా చేతికి రాగానే ఫోన్ చేసేవాళ్లు ముందు సామాన్ల బరువు గురించి అడుగుతారు, ఆ వెంటనే దీని గురించి. "పిల్లలకి మిగిలిన టీకాలన్నీ ఇక్కడే వేయించేసి బయల్దేరమంటారా, అక్కడికెళ్లాక చూసుకోమంటారా?" మేం దేశం మారినప్పుడు నేనూ ఇదే ప్రశ్న కనీసం పదిమందిని అడిగి ఉంటాను. అన్నీ ముగించుకుని పొమ్మని సగం మంది, అక్కడివాళ్లు ఎలాగూ మళ్లీ వేస్తారని మిగతా సగం. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది, కొంత తప్పూ ఉంది.

ముందే వేయించుకోవడంలో సుఖం తెలిసిందే. డాక్టరుకి బిడ్డ తెలుసు, కార్డు చేతిలో ఉంది, భాషతో ఇబ్బంది లేదు. కొత్త దేశంలో దిగాక ఇల్లు కుదిరి, ఇన్సూరెన్సు తేలి, డాక్టరు దగ్గర పేరు నమోదయ్యేసరికి రెండు మూడు నెలలు ఇట్టే గడిచిపోతాయి. ఐదేళ్ల పిల్లాడికి అది పెద్ద విషయం కాదు. మూడు నెలల పాపకి చాలా పెద్ద విషయం. కోరింత దగ్గు ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా ఆ వయసు పిల్లలకే. పిల్లల్లో తీవ్రమైన విరేచనాలు రాకుండా నోట్లో వేసే రోటావైరస్ చుక్కలైతే మరీ కచ్చితం. అమెరికా పద్ధతిలో మొదటి డోసు 15 వారాలు నిండకముందే పడాలి, ఆ తర్వాత అసలు మొదలుపెట్టరు. అక్కడికెళ్లాక చూద్దాం అనుకుంటే ఆ టీకా ఇక లేనట్టే.

వెళ్లాక వేయించుకోవడంలోనూ లాభాలున్నాయి. అక్కడి షెడ్యూలు ప్రకారం, అక్కడి కాంబినేషన్లలో పడతాయి, నేరుగా అక్కడి రికార్డులోకి ఎక్కుతాయి. చాలా దేశాల్లో ఈ రికార్డుతో చాలా పని ఉంటుంది. ఆస్ట్రేలియాలో 2016 నుంచి టీకాలు సరిగ్గా లేని పిల్లల కుటుంబాలకు కొన్ని ప్రభుత్వ సాయాలు ఆగిపోతాయి. బయట వేయించినవి ఉంటే వాటి వివరాలు జాతీయ రిజిస్టర్‌లోకి ఎక్కించుకోవాలి. జర్మనీలో 2020 మార్చి నుంచి బడికో డేకేర్‌కో పంపాలంటే తట్టు టీకా రుజువు చూపించాలి. అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ బడి టీకాల జాబితా ఒకటి ఉంటుంది. బ్రిటన్‌లో బడిలో చేరడానికి ఇలాంటి షరతేమీ లేదు, కానీ ఏవి పడ్డాయో అడిగి తెలుసుకుంటారు.

నన్నడిగితే ఎక్కడ వేయించామన్నది అసలు ప్రశ్నే కాదు. వేయించిన డోసు లెక్కలోకి వస్తుందా, రాదా? నాకు ఇది తెలిసింది మా చిన్నదాని వల్ల. ప్రయాణం నాటికి దానికి పదకొండున్నర నెలలు. ఏడాదికి ఎలాగూ పడాల్సిందే కదా, పది పదిహేను రోజులు ముందైతే ఏమవుతుందని ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు కలిపి వేసే టీకా) వేయించి విమానం ఎక్కాం. అక్కడ నర్సు కార్డు ముందు పెట్టుకుని, పుట్టిన తేదీ మీద ఒక వేలు, టీకా తేదీ మీద ఒక వేలు ఉంచి, పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. తర్వాత ఆ గడి పక్కన పెన్సిల్‌తో చిన్న గీత గీసింది. అంటే ఆ డోసు లేనట్టే. అమెరికా లెక్కలో మొదటి పుట్టినరోజుకి నాలుగు రోజుల కంటే ముందు పడిన ఎంఎంఆర్‌ని బడికి కావలసిన రెండు డోసుల్లో కలపరు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఆ వయసులో ఇంకా మిగిలి ఉండి టీకాని సరిగ్గా పనిచేయనివ్వకపోవచ్చు, అందుకని. అలాగని ఆ సూది వృథా కాదు. తట్టు ఎక్కువగా ఉన్న దేశాల్లో మొదటి డోసు తొమ్మిది నెలలు నిండగానే వేస్తారు. విదేశీ ప్రయాణం ఉంటే ఆరో నెల నిండినవాళ్లకి కూడా ఒకటి అదనంగా వేయించమనే అమెరికా వైద్యులు చెబుతారు. బిడ్డకి కొంత రక్షణ వస్తుంది, కాగితం మీద మాత్రం సున్నా.

ఆలస్యం సంగతి దీనికి పూర్తిగా రివర్సు. రెండు డోసుల మధ్య ఉండాల్సిన దానికన్నా నెలలు ఎక్కువ గడిచినా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టరు, ఆగిన చోటు నుంచే కొనసాగిస్తారు. విరామం తక్కువైతేనే చిక్కు. ఎంఎంఆర్, ఆటలమ్మ లాంటి లైవ్ టీకాలు (బలహీనపరిచిన వైరస్‌తో చేసినవి) ఒకే రోజు వేయాలి, లేదంటే మధ్యలో కనీసం 28 రోజులు ఉండాలి. ఇక్కడ బయల్దేరే వారంలో ఒకటి, అక్కడ దిగిన వారంలో రెండోది వేయిస్తే రెండోది చెల్లదు.

అందుకే నేను చెప్పేది ఇది: వయసు ప్రకారం ఈపాటికి పడాల్సినవన్నీ ఇక్కడే వేయించండి, ఒక్కటి కూడా వదలొద్దు. ఇంకా సమయం రానివాటిని మాత్రం ప్రయాణం పేరు చెప్పి ముందుకు లాగకండి, అవి అక్కడ పడతాయి.

జ్వరం లెక్క కూడా చూసుకోండి. ఐదు జబ్బులకు కలిపి వేసే మామూలు పెంటా సూదికి జ్వరం వస్తే ఒకటి రెండు రోజుల్లో వచ్చి పోతుంది. ఎంఎంఆర్‌కి వారం పది రోజుల తర్వాత వస్తుంది. ప్రయాణానికి సరిగ్గా పది రోజుల ముందు వేయిస్తే ఆ జ్వరం విమానంలోనే రావచ్చు. ఇంకాస్త ముందు, మూడు వారాలు ఉండగా వేయిస్తే ఆ టెన్షన్ ఉండదు.

ఇక మిగతా దారులు. రక్తపరీక్ష చేసి యాంటీబాడీలు చూపిద్దామంటారు కొందరు. తట్టు, హెపటైటిస్ బి లాంటి కొన్నింటికి అది పనికొస్తుంది, కోరింత దగ్గుకి పనికిరాదు. కార్డు పోయినవాళ్లకి మళ్లీ అన్నీ వేయడం తప్పేమీ కాదు, పిల్లకి సూదులు ఎక్కువవుతాయి, అంతే. పుట్టగానే వేసే టీబీ టీకా బీసీజీ గురించి కంగారు పడేవాళ్లకి ఒక మాట: చర్మం మీద చేసే టీబీ పరీక్షలో బీసీజీ వల్ల పాజిటివ్ చూపించవచ్చు, రక్తంతో చేసే పరీక్ష చేయమని అడగండి.

అన్నిటికన్నా ఎక్కువగా ఇబ్బంది పెట్టేది కార్డే. 'ప్రైమరీ డోసులు పూర్తయ్యాయి' అని ముద్ర వేసి వదిలేస్తే అక్కడ ఎవరూ ఒప్పుకోరు. ఒక్కో డోసుకీ విడిగా తేదీ, టీకా పేరు ఉండాలి, బ్యాచ్ నంబరు ఉంటే ఇంకా మంచిది. కొన్ని చోట్ల ప్రభుత్వ టీకాలో తట్టు, రుబెల్లా మాత్రమే ఉంటాయి, గవదబిళ్లలు ఉండవు. దాన్ని ఎంఎంఆర్ అని రాయించుకోవద్దు, ఏది వేశారో అదే రాయించుకోండి. తేదీలో నెలని అక్షరాల్లో రాయమనండి. 03/04 అని ఉంటే ఒక దేశంలో ఏప్రిల్ మూడు, ఇంకో దేశంలో మార్చి నాలుగు. ఆ తేడాతో రెండు డోసుల మధ్య 28 రోజులు లేవని తేల్చేయగలరు. వీటన్నిటినీ డాక్టరు చేత ఇంగ్లిషులో ఒకే కాగితం మీద రాయించి, సంతకం, సీలు వేయించుకుని ఫోటో తీసి పెట్టుకోండి. ఆ కాగితాన్ని చెక్-ఇన్ సూట్‌కేసులో కాకుండా పాస్‌పోర్టులున్న సంచిలో పెట్టండి.