హోమ్ గేమ్‌కి పాస్‌పోర్ట్ పట్టుకుని

న్యూజెర్సీ ఎడిసన్‌లో మా ఇంటి నుంచి మెట్‌లైఫ్ స్టేడియం కారులో నలభై నిమిషాలు. 2025 అక్టోబర్ 12న మా అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ జెట్స్ ఆడిన ‘హోమ్ గేమ్’కి మాత్రం ఏడు గంటల విమానం, నా పది వేళ్ల ముద్రలు, మా ఆవిడ పది వేళ్ల ముద్రలు, మూడు వారాల టెన్షన్ పట్టాయి. ఆ హోమ్ గేమ్ పెట్టింది లండన్‌లో మరి.

నాకూ ఆఫీసులో ఒక స్నేహితుడికీ కలిపి జెట్స్ సీజన్ టికెట్లు ఉన్నాయి. పై అంతస్తులో, గాలి కోసేసే చోట. జెట్స్ అభిమాని అంటే అమెరికాలో జాలిగా చూస్తారు. 2010 సీజన్ తర్వాత మా టీమ్ ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు. లండన్ అయితే ఇదివరకే మూడుసార్లు వెళ్లొచ్చింది, 2015, 2021, 2024లో. కానీ ఆ మూడుసార్లూ అతిథిగానే. ఈసారి ఆతిథ్యం మాది. అంటే మా పార్కింగ్ లాట్‌లో పొయ్యి వెలిగించి, పులిహోర డబ్బా తెరవాల్సిన ఒక ఆదివారం ఎగిరిపోయింది. మా స్నేహితుడైతే లీగ్ ఆఫీసుని నెల రోజులు తిట్టాడు. లెక్క చూస్తే అంత అన్యాయమేం లేదు. 2021లో పదిహేడు మ్యాచుల సీజన్ వచ్చాక ఒక ఏడాది లీగ్‌లో మేమున్న సగం ఏఎఫ్‌సీ జట్లకి, మరుసటి ఏడాది రెండో సగం ఎన్‌ఎఫ్‌సీ జట్లకి తొమ్మిదేసి హోమ్ గేములు వస్తాయి. ఎక్కువగా ఆ తొమ్మిదోదాన్నే బయటికి పంపుతారు. మాకు ఇంట్లో ఎనిమిది మిగిలాయి. అయినా ఇచ్చిన ముద్ద వెనక్కి లాక్కుంటే కడుపు మండదా?

సరే, తిట్టుకుంటూ కూర్చోవడం కంటే వెళ్లి చూద్దాం అనుకున్నాను. లండన్ ఈస్ట్ హామ్‌లో మా తోడల్లుడు ఉంటాడు. మా ఆవిడకి చెల్లెల్ని చూడాలని ఎప్పటినుంచో ఉంది. ఒక్క దెబ్బకి రెండు పిట్టలు.

వీసా సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ఇక్కడే పుట్టిన మా వాడికి అమెరికా పాస్‌పోర్ట్ ఉంది కాబట్టి ఫోన్‌లో ఫోటో తీసి 16 పౌండ్లు కడితే ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి వచ్చేసింది. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న మా ఇద్దరికీ మాత్రం విజిటర్ వీసా, అప్పట్లో తలకి 127 పౌండ్లు, వేలిముద్రలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు. పన్నెండేళ్ల వాడు సోఫాలో పడుకుని తెచ్చుకున్నదానికి నేను ఒక రోజు సెలవు పెట్టాను. అన్నీ అయ్యాయనుకున్నాక సెప్టెంబర్ 19 సాయంత్రం హెచ్1బీకి లక్ష డాలర్ల ఫీజు ప్రకటన వచ్చింది. మా కంపెనీ లాయర్ నుంచి ఒకే ఒక్క వాక్యం మెయిల్: దేశం దాటొద్దు. మర్నాడు అది కొత్త దరఖాస్తులకే అని వివరణ వచ్చింది గానీ ఆ రాత్రి మా ఆవిడ అన్న మాట నాకింకా చెవుల్లో ఉంది. “రెండో మూడో పరుగులు చూడ్డానికి వెళ్లి ఇల్లు పోగొట్టుకుంటామా?” క్రికెట్ కాదని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

హీత్రూ నుంచి ఎలిజబెత్ లైన్‌లో లివర్‌పూల్ స్ట్రీట్‌కి నేరుగా వచ్చేయొచ్చు. రైలు మారే పని లేదు, సూట్‌కేసులతో మెట్లెక్కే పని లేదు. లండన్‌లో నాకు బాగా నచ్చిన సేవ ఇదే. నచ్చనిది హోటల్. మొదటి రెండు రాత్రులకి ఆ స్టేషన్ దగ్గర్లోనే బుక్ చేశాను. ఫోటోలో మంచం పక్కన సోఫా, సోఫా పక్కన కిటికీ. వెళ్లి చూస్తే సూట్‌కేసు తెరిస్తే తలుపు తెరుచుకోదు, తలుపు తెరవాలంటే సూట్‌కేసు మూయాలి. పదకొండింటికి చేరాం, మూడింటిదాకా గది ఇవ్వమన్నారు. సామాను అక్కడ పెట్టుకోవడానికి పెట్టెకింత అని వేరే డబ్బులు. లిఫ్ట్ పనిచేయలేదు. శనివారం పొద్దున్నే మా తోడల్లుడు వచ్చి చూసి, “అన్నయ్యా, దీనికి డబ్బు కూడా ఇచ్చావా?” అని పెట్టెలు రెండూ తనే కిందికి దించాడు.

అసలు మ్యాచ్ కోసం వచ్చేవాళ్లు ఊరి నడిబొడ్డున ఉండాల్సిన పనే లేదు. టాటెన్‌హామ్ స్టేడియం ఉత్తరాన ఉంటుంది. విక్టోరియా లైన్ మీద ఎక్కడైనా సరే, లేదా స్ట్రాట్‌ఫర్డ్‌లో దిగితే హాయి. స్ట్రాట్‌ఫర్డ్ నుంచి నార్తంబర్లాండ్ పార్క్‌కి నేరుగా రైలుంది, అక్కణ్ణుంచి నడక కొంచెమే. తిండికి మాత్రం ఈస్ట్ హామ్ హై స్ట్రీట్ నార్త్. దోసెలు, ఇడ్లీలు, బిర్యానీలు వరసగా. మా ఎడిసన్ ఓక్ ట్రీ రోడ్ కంటే ధర తక్కువ, సాంబార్ మెరుగు. ఈ మాట మా ఊళ్లో అంటే కొడతారు.

ఇంకో తప్పు కూడా చేశాను. ఎయిర్‌పోర్టులో ఒక కౌంటర్ దగ్గర డాలర్లిచ్చి పౌండ్ల నోట్లు తీసుకున్నాను, చాలా చెత్త రేటుకి. స్టేడియంలో నోట్లు చెల్లవు, అంతా కార్డే. ఆ నోట్లు చివరికి మా మరదలి పోపులపెట్టెలోకి వెళ్లాయి.

శనివారం రాత్రి భోజనాల దగ్గర అసలు గొడవ మొదలైంది. మా తోడల్లుడి కొడుక్కి పదిహేడేళ్లు, లండన్‌లోనే పుట్టాడు. జాగ్వార్స్ అనే ఫ్లోరిడా టీమ్ అభిమాని. ఫ్లోరిడా మ్యాప్‌లో ఎక్కడుందో వాడికి తెలుసో లేదో గానీ, 2013 నుంచి, ఒక్క 2020 తప్ప, ఏటా లండన్ వచ్చి ఆడుతున్న టీమ్ అదే. ఆ టీమ్ యజమాని షాహిద్ ఖాన్‌కి ఇక్కడ ఫుల్హామ్ ఫుట్‌బాల్ క్లబ్ కూడా ఉంది.

“మా టికెట్ మీరు లాక్కున్నార్రా” అన్నాను వాడితో.

“పెదనాన్నా, మీకు ఎనిమిది ఉన్నాయి కదా. నేను ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి మొదలయ్యే మ్యాచ్ చూస్తే పడుకునేసరికి ఒంటిగంట. సండే నైట్ గేమ్ మాకు సోమవారం తెల్లవారుజామున ఒంటిగంట ఇరవైకి స్టార్ట్. పొద్దున్నే కాలేజీ. మీరు పొద్దున తొమ్మిదిన్నరకి ఇడ్లీ తింటూ చూడాల్సి వచ్చిందని ఏడుస్తారేంటి?”

నా దగ్గర జవాబు లేదు. పెద్దవాణ్ణి కాబట్టి గొంతు పెంచాను. వెస్ట్ కోస్ట్ వాళ్లకి ఆరున్నరకే అన్నాను. 2018లో మెక్సికోలో గడ్డి పాడై, ఇంకో వారం కూడా లేదనగా చీఫ్స్, రామ్స్ మ్యాచ్‌ని లాస్ ఏంజిలస్‌కి మార్చలేదా అన్నాను. 2024లో సావో పాలోలో ఆటగాళ్లు జారిపడుతుంటే చూడలేదా అన్నాను. 2025లో ఏడు మ్యాచులు బయటే. సావో పాలో, డబ్లిన్, లండన్‌లో మూడు, బెర్లిన్, మాడ్రిడ్. 2026లో రామ్స్ మెల్‌బోర్న్ వెళ్తారన్నారు. లీగ్ కమిషనర్ గుడెల్ ఏకంగా పదహారు కావాలంటున్నాడు. అప్పుడు ప్రతి టీమూ ఏటా సంచి సర్దుకోవాల్సిందే. వాడు శాంతంగా అప్పడం విరుచుకుంటూ, “బాగుంటుంది” అన్నాడు.

ఆదివారం ఈస్ట్ హామ్ నుంచి హామర్‌స్మిత్ అండ్ సిటీ లైన్‌లో లివర్‌పూల్ స్ట్రీట్, అక్కణ్ణుంచి ఓవర్‌గ్రౌండ్‌లో వైట్ హార్ట్ లేన్. ఆ రైలు పెట్టెలో నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆడేది జెట్స్, డెన్వర్ బ్రాంకోస్. కానీ జెర్సీలు స్టీలర్స్‌వి, ప్యాకర్స్‌వి, డాల్ఫిన్స్‌వి, ఎప్పుడో రిటైరైన ఆటగాళ్లవి కూడా. పద్నాలుగు టీములదాకా లెక్కపెట్టి ఆపేశాను. పెళ్లికి వచ్చారు గానీ పెళ్లికూతురు తరఫా, పెళ్లికొడుకు తరఫా అంటే చెప్పలేనట్టు.

స్టేడియం గురించి అబద్ధం చెప్పను. మెట్‌లైఫ్ దీని ముందు బూడిదరంగు బకెట్. 2019లో కట్టింది, 62,850 సీట్లు. సాకర్ ఆడే గడ్డి మూడు ముక్కలై సౌత్ స్టాండ్ కిందికి జరిగిపోతుంది. దాని అడుగున మన ఆట కోసం వేరే సింథటిక్ టర్ఫ్ ఉంటుంది. మా లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లకి డ్రెస్సింగ్ రూములు కూడా వేరు. బీరు గ్లాసు అడుగు నుంచి నిండుతుంది. మా వాడు తాగకపోయినా ఆ మిషన్ ముందు పది నిమిషాలు నిలబడ్డాడు. సీట్లు మైదానానికి దగ్గర, ఏటవాలు ఎక్కువ, ఎవరి తలా అడ్డం రాదు. టాయిలెట్లు శుభ్రం. పార్కింగ్ లాట్ వంటలు, పొగ, పక్కవాడి కారు పాటలు మాత్రం లేవు. నాకైతే అందులోనే సగం ఆట ఉంది.

ఇక మ్యాచ్. 13-11తో ఓడిపోయాం. మా పదకొండులో తొమ్మిది మా కిక్కర్ నిక్ ఫోక్ కొట్టిన మూడు ఫీల్డ్ గోల్స్, మిగతా రెండు బ్రాంకోస్ వాళ్లు తమ ఎండ్ జోన్‌లో, అంటే మైదానం చివరి పట్టీలో, చేసిన తప్పుకి వచ్చిన సేఫ్టీ. బంతిని ఎదుటివాళ్ల ఎండ్ జోన్‌లోకి చేర్చే టచ్‌డౌన్ ఒక్కటీ లేదు. ఆట నడిపించే మా క్వార్టర్‌బ్యాక్ జస్టిన్ ఫీల్డ్స్ విసిరిన బంతులకి 45 గజాలొచ్చాయి. అతన్ని తొమ్మిదిసార్లు పడగొట్టి 55 గజాలు వెనక్కి నెట్టారు. లెక్కేసుకోండి, పాసింగ్ మైనస్ పది. ఒక పూటంతా కష్టపడి ఇంటి నుంచి ఇంకా దూరం జరిగినట్టు.

ఓటమి మాకు అలవాటే. నన్ను కలిచివేసింది వేరే. మన టీమ్ చేతిలో బంతి ఉన్నప్పుడు, ముఖ్యంగా మూడో డౌన్‌కి (పది గజాలు దాటడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో మూడోది), హోమ్ స్టాండ్స్ నోరు మూసుకోవాలి. క్వార్టర్‌బ్యాక్ చెప్పేది ఆటగాళ్లకి వినబడాలి. ఎదుటివాళ్ల చేతిలో ఉంటే చెవులు పగిలేలా అరవాలి. హోమ్ గేమ్ అంటే ఇదే, మిగతాదంతా అలంకారం. టాటెన్‌హామ్‌లో మా మూడో డౌన్‌కి సరిగ్గా ఎదుటి స్టాండ్‌లో అలలాగా లేచి కూర్చోవడం మొదలైంది. అందరూ నవ్వుతున్నారు, చేతులెత్తుతున్నారు, పిల్లలు కేరింతలు. మా వాడు కూడా లేచాడు. నేను ఒక్కణ్ణే కూర్చుని “ష్” అంటున్నాను, ఎవరితో అంటున్నానో తెలియకుండా. పక్కన ప్యాకర్స్ జెర్సీ వేసుకున్న పెద్దాయన జాలిగా చూసి చిప్స్ ఇచ్చాడు.

అప్పుడు నాకు ఉప్పల్ గుర్తొచ్చింది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో, 2008 ఐపీఎల్‌లో, డెక్కన్ చార్జర్స్ ఉప్పల్‌లో ఆడిన ఏడు మ్యాచులూ ఓడింది. మరుసటి ఏడాది ఎన్నికలని టోర్నమెంటంతా దక్షిణాఫ్రికాకి తీసుకెళ్లారు. అదే టీమ్ జోహన్నెస్‌బర్గ్‌లో బెంగళూరుని ఆరు పరుగులతో ఓడించి కప్పు కొట్టింది. మన ఊరికి కప్పొచ్చింది, మన ఊళ్లో ఒక్క బంతీ పడలేదు. ఆ రాత్రి మేం రూమ్‌లో టీవీ ముందు గంతులేశాం. అయినా ఏదో వెలితి. అక్కడి జనం తప్పేం లేదు, వాళ్లు బాగానే చప్పట్లు కొట్టారు. అది మన అరుపు కాదు, అంతే.

మ్యాచ్ అయ్యాక వైట్ హార్ట్ లేన్ స్టేషన్ ముందు క్యూ చూసి దండం పెట్టి, టాటెన్‌హామ్ హై రోడ్ మీద సెవెన్ సిస్టర్స్‌దాకా నడిచాం. అరగంట. ముసలివాళ్లు, చంటిపిల్లలు ఉంటే ముందే ఆలోచించుకోండి. లండన్‌లో ఈ మ్యాచులు పెట్టే ఇంకో స్టేడియం వెంబ్లీ ఈ విషయంలో నయమంటాడు మా తోడల్లుడు. జూబ్లీ, మెట్రోపాలిటన్ లైన్లు రెండూ వెంబ్లీ పార్క్‌కి వస్తాయి, ఈలింగ్ రోడ్‌లో మన తిండి దొరుకుతుంది. కానీ 90,000 సీట్ల చోట పై వరస నుంచి ఆటగాళ్లు చీమల్లా కనిపిస్తారట. డబ్బు ఒక్కసారే పెట్టేవాళ్లకి నేను టాటెన్‌హామే చెబుతాను. అయితే మీ టీమ్ ఆడని రోజు వెళ్లండి. అప్పుడు ఆ అల మీకూ ముద్దొస్తుంది.

న్యూఆర్క్‌లో ఇమిగ్రేషన్ ఆఫీసర్ స్టాంప్ చూసి, రెండు ప్రశ్నలడిగి పంపించేశాడు. మూడు వారాల టెన్షన్ మూడు నిమిషాల్లో తేలిపోయింది.

తర్వాతి ఆదివారం, 19న, మెట్‌లైఫ్ పార్కింగ్ లాట్‌లో పొయ్యి వెలిగించాం. ఫోన్‌లో వెంబ్లీ నుంచి జాగ్వార్స్, రామ్స్ మ్యాచ్ నడుస్తోంది. జాగ్వార్స్ 35-7తో చిత్తుగా ఓడారు. మా తోడల్లుడి కొడుక్కి మెసేజ్ పెడితే స్టేడియం నుంచే నవ్వుతున్న ఫోటో పంపాడు. ఒంటిగంటకి మేం లోపలికి వెళ్లాం, ప్యాంథర్స్‌తో మ్యాచ్. మా మూడో డౌన్ వచ్చిన ప్రతిసారీ స్టాండ్స్ అంతా చెప్పినట్టు నోరు మూసుకున్నాయి. 13-6తో ఓడాం. టచ్‌డౌన్ అప్పుడూ రాలేదు.