పాత ల్యాప్‌టాప్‌లో క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్: విండోస్‌ను పక్కన పెట్టొచ్చా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి ఉచిత సపోర్ట్ ముగిసింది. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో దొరికే సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి విండోస్ 11 అర్హత లేదు. విండోస్‌కు బదులుగా వాడుకునేలా 2022లో గూగుల్ ఉచితంగా విడుదల చేసిన ఆపరేటింగ్ సిస్టమ్ క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ వీటికి బాగా నప్పుతుంది. ఇంటెల్ లేదా ఏఎండీ 64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజ్ చాలు.

8 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకోండి. క్రోమ్‌లో 'క్రోమ్‌బుక్ రికవరీ యుటిలిటీ' ఎక్స్‌టెన్షన్ వేసి, జాబితాలో ఫ్లెక్స్‌ను ఎంచుకుని డ్రైవ్ తయారు చేయండి. దాన్ని పాత ల్యాప్‌టాప్‌కు పెట్టి, ఆన్ చేయగానే డెల్‌లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కి పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయాలి. వెంటనే ఇన్‌స్టాల్ చేయకండి! ముందు పెన్‌డ్రైవ్ మీదే నడిపి వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్, మూత మూసి తెరిస్తే మేల్కొనడం చూసుకోండి. వేగాన్ని మాత్రం అప్పుడే తేల్చేయొద్దు, పెన్‌డ్రైవ్ మీద ఏదైనా నత్తనడకే. ఇన్‌స్టాల్ చేస్తే డిస్క్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. పక్కన విండోస్ ఉంచుకునే వీలు లేదు. తర్వాత పెన్‌డ్రైవ్ సైజు తక్కువగా కనిపిస్తే కంగారొద్దు, అదే యుటిలిటీలో ఎరేజ్ చేస్తే సరి.

పిల్లల ఆన్‌లైన్ క్లాసులకు, మెయిల్‌కు, గూగుల్ డాక్స్‌కు దీన్ని మించింది లేదు. కానీ ప్లే స్టోర్ ఉండదు, ఫింగర్‌ప్రింట్ రీడర్ పనిచేయదు. విండోస్ ప్రోగ్రాములు ఇందులో నడవవు కాబట్టి, లెక్కలకు ట్యాలీ వాడేవాళ్లు, అను ఫాంట్లతో పేజ్‌మేకర్ వాడే డీటీపీ వాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది. నెట్ పోతే సగం పని ఆగిపోతుంది. 2 జీబీ ర్యామ్ మెషిన్‌కైతే ఏదైనా తేలికపాటి లినక్స్ చూసుకోండి.