మిద్దె తోటకు పంచాయతీ ఎరువు: కంకిపాడు వైపు ఒక ఊరి వర్మీ కంపోస్టుపై సమీక్ష

విజయవాడలో మిద్దె తోట పెంచుకునేవారికి వర్మీ కంపోస్టు దొరకడం కష్టమేమీ కాదు. నర్సరీల్లోనూ, ఎరువుల దుకాణాల్లోనూ, ఆన్‌లైన్‌లోనూ కావలసినన్ని సంచులు ఉన్నాయి. అయినా బందరు రోడ్డు మీద కంకిపాడు దాటి లోపలికి వెళ్తే వచ్చే ఒక గ్రామంలో, పంచాయతీ వారి చెత్త నుంచి సంపద తయారీ కేంద్రంలో అమ్ముతున్న ఎరువు గురించి ప్రత్యేకంగా రాయాలనిపించింది. ఆ ఎరువు నాణ్యత షెడ్డులో కన్నా ముందే, ఊరివారి వంటింటి గుమ్మాల దగ్గరే నిర్ణయమైపోతోంది. ఊరి పేరు మాత్రం రాయడం లేదు. తయారైన ఎరువును మొదట తమ ఊరి కూరగాయల రైతులకు ఇచ్చి, మిగిలితేనే బయటివారికి అమ్ముతామని, నగరం నుంచి ఎక్కువమంది వస్తే ఇవ్వలేమని అక్కడివారు చెప్పారు. వారి మాట న్యాయమైనది.

ముందు సరుకు సంగతి. ఎరువు ముదురు గోధుమ రంగులో, టీ పొడిలా పొడిపొడిగా ఉంది. పట్టుకుంటే చేతికి జిగురు అంటదు, దుర్వాసన లేదు, తొలకరికి తడిసిన నేల వాసన వస్తుంది. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, 1985 ప్రకారం వర్మీ కంపోస్టులో తేమ 15 నుంచి 25 శాతం మధ్య ఉండాలి, 90 శాతం పదార్థం 4 మిల్లీమీటర్ల జల్లెడ గుండా దిగాలి. తేమను ఇంట్లో కొలవలేము గాని, జల్లెడ పట్టి చూడటం ఎవరికైనా సాధ్యమే. ఈ సంచిలో జల్లెడ మీద మిగిలినవి నాలుగు పుల్లలు, కొద్దిగా కొబ్బరి పీచు మాత్రమే. గాజు పెంకులు గాని, షాంపూ ప్యాకెట్ల ముక్కలు గాని, పాల కవరు మూలలు గాని ఒక్కటీ కనబడలేదు. ఊరి చెత్తతో చేసిన ఎరువులో ఇది చిన్న విషయం కాదు.

ఇది ఎలా సాధ్యమైందో కేంద్రం చూస్తే అర్థమవుతుంది. పంచాయతీ పారిశుద్ధ్య కార్మికులు ఉదయాన్నే మూడు చక్రాల రిక్షాతో ఇంటింటికీ వెళ్లి తడి చెత్త, పొడి చెత్త వేరువేరుగా తీసుకుంటారు. వారి వెంట ఊరి యువకులు, పొదుపు సంఘాల మహిళలు కొందరు వంతులవారీగా నడుస్తారు. కలిపి ఇచ్చిన ఇంటివారితో గొడవపడరు. గుమ్మంలోనే కూర్చుని, ఆ ఇంటి ఇల్లాలి చేతనే రెండు బుట్టల్లోకి వేరు చేయిస్తారు. అన్నిటికన్నా వారికి కష్టమైన పని ఊరగాయ అట. పాడైపోయిన ఆవకాయను, మాగాయను, మాడిన నూనెను తడి చెత్తలో వేయడం ఇళ్లలో సహజంగా జరిగిపోతుంది. ఉప్పు, పులుపు, నూనె మూడూ ఈ ఎరువును తయారుచేసే ఎర్రలకు (వానపాములకు) ప్రాణాంతకమే. “అన్నయ్యగారూ, ఒక్క జాడీ ఊరగాయ పడితే ఆ వైపు ఎర్రలన్నీ ఈ వైపుకి వచ్చేస్తాయండి” అని అక్కడ పనిచేసే ఒక మహిళ చెప్పారు. ఇప్పుడు ఆ ఊళ్లో పాడైన పచ్చళ్లను విడిగా పెట్టి ఇస్తున్నారు. చట్టంతోనో జరిమానాతోనో వచ్చే మార్పు కాదిది. తమ పొలానికే తిరిగి వచ్చే ఎరువు అన్న నమ్మకంతో వచ్చినది.

తడి చెత్తను నేరుగా ఎర్రలకు వేయరు. పేడ, ఎండుటాకులు, తరిగిన అరటి బోదెలతో కలిపి కుప్పగా వేసి, రెండు మూడు వారాలు మాగనిస్తారు. ఆ దశలో కుప్ప లోపల పుట్టే వేడి తగ్గాకే తొట్లలోకి మార్చి, పైన తడి గోనె పట్టాలు కప్పుతారు. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో నీడ, తడి లేకపోతే ఎర్రలు బతకవు. దాదాపు రెండు నెలలకు ఎరువు సిద్ధమవుతుంది. తీసే ముందు కొన్ని రోజులు నీళ్లు చల్లడం ఆపితే ఎర్రలు అడుగుకు దిగిపోతాయి, పైనున్న ఎరువును ఎత్తి జల్లెడ పడతారు. ఆదివారాల్లో శ్రమదానం చేసే యువకులు పంట కాలువలోని గుర్రపు డెక్కను లాగి, గట్టున ఎండబెట్టి ఇక్కడికే చేరుస్తున్నారు. దానితో కాలువ పారుతోంది, తొట్లకు మేత దొరుకుతోంది.

లోపాలూ చెప్పాలి. మొదటిది, ఈ ఎరువులో విత్తనాలు చావడం లేదు. కుండీల్లో వేసిన కొద్ది రోజులకే టమాటా, మిరప మొలకలు గుంపులుగా వచ్చాయి. మొదటి కుప్పలో వేడి అంతటా సమంగా చేరలేదనడానికి అది గుర్తు. కుప్పను మధ్యలో తిరగేసి, అంచుల్లోని పదార్థాన్ని లోపలికి పెడితే ఈ సమస్య చాలావరకు తీరుతుంది. రెండోది, సంచి మీద తయారీ తేదీ లేదు. మూడోది ముఖ్యమైనది: ప్రయోగశాల పరీక్ష నివేదిక లేదు. గుర్రపు డెక్క నీటిలోని సీసం, కాడ్మియం వంటి భార లోహాలను పీల్చుకునే మొక్క. నగరం మురుగు కలిసే కాలువల నుంచి తీసినదైతే ఆ అనుమానం తప్పకుండా ఉంటుంది. ఉత్తర్వులో ఈ లోహాలకు పరిమితులు ఉన్నాయి కనుక, పంచాయతీవారు ఏడాదికి ఒక్కసారైనా నమూనా పంపి పరీక్ష చేయిస్తే కొనేవారికి భరోసా ఉంటుంది. ఈ మాట వారితో చెప్పినప్పుడు శ్రద్ధగా విన్నారు, వచ్చే గ్రామసభలో పెడతామన్నారు.

ధర కిలో పది రూపాయలు. నగరంలో అందమైన సంచిలో దొరికే దానితో పోలిస్తే ఇది చాలా తక్కువ. అయితే వానాకాలంలో కొంటే సంచి బరువులో నీటి పాలు ఎక్కువ ఉంటుంది. గుప్పిట్లో పిసికినప్పుడు వేళ్ల మధ్య నీరు కనబడితే ఆ విడత వదిలేసి, ఎండ కాసిన తరువాత వెళ్లడం మంచిది.

వంగ, బెండ, ఆకుకూరల కుండీల్లో మట్టి, కొబ్బరి పొట్టు, ఎరువు సమానంగా కలిపి, పిడికెడు వేపపిండి చేర్చి వాడాను. బచ్చలి, తోటకూర బాగా వచ్చాయి. వంగకు పూత నిలిచింది గాని కాయకు ఇది ఒక్కటే చాలలేదు, మధ్యలో పశువుల ఎరువు కూడా వేయవలసి వచ్చింది. కొత్తిమీర చల్లేవారు మాత్రం ఈ ఎరువును రెండు వారాలు ముందుగానే కుండీలో కలిపి తడిపి ఉంచాలి. మొలిచిన టమాటా నారు పీకేశాక ధనియాలు వేస్తే, ఏది కలుపో ఏది కొత్తిమీరో వెతుక్కునే పని ఉండదు.

మీ ఇంటికి దగ్గరలోని పంచాయతీలోనూ ఇటువంటి కేంద్రం ఉండవచ్చు. వెళ్లినప్పుడు ఎరువు కుప్పను చూసే ముందు, పక్కనే దించుతున్న రిక్షాలోని తడి చెత్తను చూడండి. అందులో ప్లాస్టిక్ కనబడకపోతే సంచి కొనవచ్చు.