అద్దం చోట్లో ప్లగ్గు: బోర్డు జరపాలా, అద్దం మార్చాలా?

వాష్‌బేసిన్ పైన సరిగ్గా అద్దం రావాల్సిన చోటే మా బిల్డర్ 6 ఆంప్స్ సాకెట్ పెట్టించాడు. రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తున్న టేకు ఫ్రేము అద్దం కొనుక్కొచ్చి గోడకు ఆనించి చూసేదాకా ఆ సంగతి నాకు తట్టలేదు. ఇక మిగిలినవి మూడు దారులు: బోర్డు పక్కకు జరపడం, బోర్డు పక్కన పట్టే సన్నటి అద్దం తెచ్చుకోవడం, పాయింటు మూసేసి దాని మీదే అద్దం తగిలించడం.

జరపడం గంట పనే అంటాడు ఎలక్ట్రీషియన్. వైరింగు వరకూ నిజమే కావచ్చు. అసలు టెన్షన్ టైల్స్‌తో. గోడకు గాడి కొడితే పగిలేవి అవే. ఐదారేళ్ల కిందటి డిజైను షాపులో దొరకడం కష్టం, దొరికినా బ్యాచ్ మారితే రంగు తేడా కొడుతుంది. అందుకే కొత్త బోర్డు మరీ దూరం పోకూడదు. ఫ్రేము అంచుకు ఆనుకుని ఉంటే గాడంతా అద్దం వెనకే దాగుతుంది. షవర్ వైపు మాత్రం అస్సలు జరపొద్దు. పాత వైరు పొడవు చాలదు కాబట్టి అతుకు తప్పదు. ఆ అతుకు పాత బాక్సులోనే ఉండాలి, పైన బ్లాంక్ ప్లేటు (సాకెట్ రంధ్రాల్లేని మూత) బిగించాలి. గోడలో పూడ్చి సిమెంటు పూస్తానంటే ఒప్పుకోకండి. ఎర్త్ వైరు కూడా కొత్త బోర్డు దాకా రావాలి. 6 ఆంప్స్‌కు 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు చాలు, గీజర్ పాయింటైతే 4 వేయిస్తే నిశ్చింత. మెయిన్ బోర్డులో 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) లేకపోతే ముందు అది పెట్టించండి, అద్దం సంగతి తర్వాత.

డబ్బు దగ్గర చూస్తే సన్నటి అద్దమే మేలు. ఉన్న అద్దానికే సాకెట్ మేర కోయించేద్దామని మాత్రం అనుకోవద్దు. కోసిన అంచులోంచి తేమ ఎక్కి వెనక పూత నల్లబడుతుంది. షేవరూ, హెయిర్ డ్రైయరూ బాత్‌రూమ్‌లో వాడని ఇంట్లో మూడో దారి హాయి.

అతికించాలా, స్క్రూలకు తగిలించాలా? 5 మిల్లీమీటర్ల అద్దం చదరపు మీటరుకు పన్నెండున్నర కిలోలు తూగుతుంది. అంటే మాది ఫ్రేము కాక దాదాపు 7 కిలోలు. సిలికాన్ జిగురు మోయలేదని కాదు. వెనిగర్ వాసన వచ్చే రకం తగిలితే అద్దం పూతను తినేస్తుంది, న్యూట్రల్ రకం వాడాలి. అది వాడినా, వెనక వైరు అతుకు ఉన్నప్పుడు అద్దం ఊడదీసే వీలు లేకపోతే ఎలా? కాబట్టి నా ఓటు స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలకే. టైల్ మీద టేపు అంటించి, టైల్ బిట్‌తో, హ్యామర్ మోడ్ ఆపి రంధ్రం వేయాలి. టైల్ దాటి ఇటుక తగిలాక హ్యామర్ పెట్టుకోవచ్చు. బోర్డుకు నేరుగా పైనా కిందా డ్రిల్ పెట్టొద్దు, వైర్లు సాధారణంగా ఆ వరసలోనే దిగుతాయి. ఫ్రేము వెనక మూలల్లో రబ్బరు బొడిపెలు అంటిస్తే గాలి ఆడి తేమ ఆరుతుంది. ఎండీఎఫ్ (చెక్క పీచు అదిమి చేసిన పలక) ఫ్రేమైతే ఇన్ని చేసినా ఉబ్బుతుంది, బాత్‌రూమ్‌కు అది వద్దు.

టేకు ఫ్రేము మీద మోజు చావక నేను బోర్డునే జరిపించాను. పగిలిన టైల్ ముప్పాతిక ఫ్రేము వెనక దాగింది. మిగతా పాతిక మీద సబ్బు స్టాండు కూర్చుంది.