చర్చి రిజిస్టరా, వీలునామానా?

1620లో ఇంగ్లండ్ నుంచి మేఫ్లవర్ ఓడలో అమెరికాలోని ప్లిమత్ చేరి, ఆ తర్వాత అక్కడ గవర్నరైన విలియం బ్రాడ్‌ఫర్డ్ లాంటివారి మూలాలు వెతకడానికి రెండు దారులున్నాయి.

ఇంగ్లండ్ చర్చి రిజిస్టర్లు 1538 నుంచి మొదలవుతాయి. బాప్తిస్మం తేదీ, తరచూ తండ్రి పేరు దొరుకుతాయి. కానీ అదే పేరున్నవాళ్లు పక్క ఊళ్లోనూ ఉంటారు. ఓడెక్కింది ఎవరో రిజిస్టరు చెప్పదు. తేదీలూ తికమకే. ఇంగ్లండ్‌లోని ఆస్టర్‌ఫీల్డ్‌లో బ్రాడ్‌ఫర్డ్ బాప్తిస్మం 1590 మార్చి 19న. అప్పటి లెక్కలో అది ఇంకా 1589, ఎందుకంటే అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది.

అమెరికాలో స్థిరపడ్డాక వాళ్లు రాసిన వీలునామాల్లో భార్య, పిల్లలు, అల్లుళ్లు, ఒక్కోసారి ఇంగ్లండ్‌లో మిగిలిన అన్నదమ్ములూ కనిపిస్తారు. వంశం తేలాలంటే పేరు చాలదు, బంధుత్వం కావాలి. అందుకే నేనైతే ముందు వీలునామానే తెరుస్తాను. ఊరి పేరు దొరికాకే రిజిస్టరు.